గోత్రం అడిగినప్పుడు

గణేష్‌బాబుకి మాట తడబడని చోటు ఒక్కటే ఉండేది. కడియపులంకలో కాలవగట్టు పక్కన వాళ్ళ అరెకరం నర్సరీ, ఆ నర్సరీలో ఆకుపచ్చ నెట్టు కింద ఓ పాత చెక్క బల్ల. ఆ బల్ల ముందు కూర్చుని మామిడి అంట్లు కట్టేటప్పుడు అతను మొక్కలతో మాట్లాడేవాడు. "ఉండవే, కాస్త కదలకుండా ఉండు, ఇదిగో అయిపోయింది. నీకు నీడ కావాలా, రేపు జరుపుతాలే," అని గలగలా.

పెళ్ళైన కొత్తలో సూర్యకళ ఓ రోజు టీ పట్టుకెళ్ళి నెట్టు బయటే ఆగిపోయింది. లోపల ఎవరో వచ్చారనుకుంది. తొంగి చూస్తే మొగుడు ఒక్కడే ఉన్నాడు. ఎక్కడా ఆగకుండా, గుక్క తిప్పుకోకుండా మాట్లాడేస్తున్నాడు. అలికిడికి తిరిగి ఆమెని చూశాడు. అంతే, పెదాలు బిగుసుకుపోయాయి. "ఎ... ఎ... ఎప్పుడొచ్చావ్?" అనడానికి టీ చల్లారిపోయినంత పనైంది.

గణేష్‌బాబుకి ఊహ తెలిసినప్పటి నుంచీ నత్తి. అందులోనూ 'ప'తో మొదలయ్యే మాటంటే హడల్. అది నోట్లో ముక్కలు ముక్కలుగా రావడం కాదు, అసలు రాదు. రెండు పెదాలూ అతుక్కుపోతాయి, మెడ నరాలు పొంగుతాయి, ఎదుటివాడు నేలచూపులు చూస్తాడు. కష్టమైన మాట ఎదురైతే పక్కనుంచి తప్పుకుపోవడం అతను చిన్నప్పుడే నేర్చుకున్నాడు. పకోడీలంటే ప్రాణం, కానీ బండి దగ్గర నించుని గారెలు అడిగేవాడు. డిగ్రీ చదివే రోజుల్లో పెద్దాపురంలో ఉన్న మేనత్త ఇంటికి వెళ్ళాలంటే బస్సులో సామర్లకోటకి టికెట్టు తీసుకుని పెద్దాపురంలో దిగిపోయేవాడు. కండక్టరు, "ఇంకా రాలేదయ్యా సామర్లకోట," అని అరుస్తుంటే వినబడనట్టు నడిచిపోయేవాడు.

ఇంట్లో ఆ బాధ ఉండేది కాదు. తల్లి పాపాయి అతను నోరు తెరవగానే మాట అందించేసేది. బయటికెళ్తే బాబాయ్ బుల్లిరాజు. పెళ్ళయ్యాక ఫోన్లన్నీ సూర్యకళవి. ముగ్గురూ ప్రేమతోనే చేసేవాళ్ళు. అందుకే వద్దనడానికి అతనికి మనసొప్పేది కాదు.

తండ్రి వెంకటరాజు ఒక్కడే మాట అందించేవాడు కాదు. కొడుకు ఆగితే ఆయనా ఆగేవాడు. చేతిలో ఉన్న పని చేసుకుంటూ, మాట వచ్చేదాకా ఉండేవాడు. ఆ తండ్రి కిందటి మాఘమాసంలో గుండెనొప్పితో రెండు రోజుల్లో కన్నుమూశాడు.

పదకొండో రోజున రాజమండ్రి కోటిలింగాల రేవులో కర్మ చేస్తున్నప్పుడు ఒక తప్పు జరిగింది. బుల్లిరాజు పిండానికి బియ్యప్పిండి మర్చిపోయామని మెట్లెక్కి కొట్టుకి వెళ్ళాడు. అదే సమయానికి పంతులుగారు, "గోత్రం చెప్పండి బాబూ," అన్నారు.

వాళ్ళది పైడిపాల గోత్రం.

గణేష్‌బాబు పెదాలు అతుక్కుపోయాయి. పంతులుగారు చూస్తున్నారు. వెనక ఇంకో కుటుంబం తడిబట్టలతో నించుని ఉంది. బాబాయ్ రావడం లేదు. ఇన్నేళ్ళ అలవాటు అతని ప్రమేయం లేకుండానే పని చేసింది. "శి... శివ గోత్రం," అనేశాడు. గోత్రం తెలియనివాళ్ళు చెప్పుకునే గోత్రం అది. పంతులుగారు మారు మాట్లాడకుండా అదే చెప్పి పిండం పెట్టించారు, నువ్వులూ నీళ్ళూ వదిలించారు. బాబాయ్ పిండి పొట్లంతో దిగొచ్చేసరికి అంతా అయిపోయింది.

ఈ సంగతి గణేష్‌బాబు ఎవరికీ చెప్పలేదు. పెళ్ళానికి కూడా. కానీ ఆ రోజు నుంచి అన్నం ముందు కూర్చుంటే అదే గుర్తొచ్చేది. బతికున్నన్నాళ్ళూ తన మాట కోసం ఆగిన మనిషి, పోయాక తిండికీ నీళ్ళకీ చెయ్యి చాపితే, కొడుకు ఇంకెవరి పేరో చెప్పి పెట్టాడు. అది ఆయనకి చేరిందో లేదో. మాఘమాసంలో సంవత్సరీకం వస్తుంది. మళ్ళీ అదే రేవు, అదే ప్రశ్న. ఈసారైనా తన నోటితో గోత్రం చెప్పాలి. బాబాయ్ చెప్తే కుదరదు. తప్పు చెప్పిన నోరే దిద్దుకోవాలని అతని పట్టుదల.

దసరా వెళ్ళాక సూర్యకళ ఓ కబురు తెచ్చింది. ఆమె జాకెట్లు కుట్టే దర్జీ ఆవిడ తమ్ముడికి కూడా నత్తేనట. రాజమండ్రి దానవాయిపేటలో దీనమ్మగారని ఒకావిడ హిప్నోథెరపీ చేస్తుందట, అతను ఇప్పుడు నయమనిపించేలా ఉన్నాడట.

వరండాలో మొక్కల సంచులకి మట్టి నింపుతున్న బుల్లిరాజు విని పెద్దగా నవ్వాడు.

"హిప్నాటిజమా? మొన్న ఎగ్జిబిషన్లో చూళ్ళేదేంటమ్మాయ్, స్టేజీ మీద వాడెవడో నలుగుర్ని పడుకోబెట్టి ఉల్లిపాయలు యాపిలు పళ్ళని తినిపించాడు. వీణ్ణి కూడా పడుకోబెట్టి కోడికూత కూయిస్తారు."

"అది మేజిక్కండి మావయ్యగారూ. ఈవిడ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయ్యారంట. తర్వాత సైకాలజీ చదివారంట."

"సరే, పడుకోబెట్టి ఏటీఎం నంబరు అడిగితేనో?"

"అడగనియ్యండి," అంది సూర్యకళ. "ఈయన నాలుగంకెలూ చెప్పేసరికి ఆవిడకే నిద్రొచ్చేస్తుంది."

గణేష్‌బాబు కూడా నవ్వాడు. వెళ్దామని తలూపాడు.

దీనమ్మగారి గది ఓ మందుల కొట్టు మీద మేడలో ఉంది. అరవై దాటిన మనిషి. సన్న నీలం అంచు ఉన్న తెల్ల నేతచీర, మెళ్ళో చిన్న సిలువ, ముక్కు మీదికి జారే కళ్ళజోడు. గదిలో రెండు పేము కుర్చీలు, ఒక టేబులు, గోడకి క్యాలెండరు. వేలాడే గడియారాలూ, తిరిగే చక్రాలూ ఏమీ లేవు.

"మీ పేరేంటండి?" అంది ఆవిడ.

గణేష్‌బాబు నోరు తెరిచాడు. 'గ' గొంతులోనే ఉండిపోయింది. సూర్యకళ అలవాటుగా, "గణే..." అనబోయింది. దీనమ్మగారు ఆమె వైపు చూడకుండానే ఒక వేలు పైకెత్తింది.

"ఆయన్ని అడిగానమ్మా."

తర్వాత ఆవిడ కలం కింద పెట్టేసింది. క్యాలెండరు వైపు చూడలేదు, గడియారం చూడలేదు, జాలిగా నవ్వలేదు, ధైర్యం చెబుతున్నట్టు తలూపలేదు. అతని మొహంలోకి మామూలుగా చూస్తూ కూర్చుంది. కింద ఆటోలు రెండు మూడు పోయాయి.

"గ... గ... గణేష్‌బాబు అండి."

"గణేష్‌బాబుగారు," అని రాసుకుంది. మెచ్చుకోలు కూడా లేదు, ఎవరైనా పేరు చెబితే రాసుకున్నట్టే రాసుకుంది. తండ్రి పోయాక అలా ఆగిన మనిషిని అతను చూడటం అదే మొదలు.

"నన్ను ని... ని... నిద్రపుచ్చుతారా?" అన్నాడు.

"లేదండి. మీరు అంతా వింటూనే ఉంటారు, వద్దనుకుంటే లేచి వెళ్ళిపోవచ్చు. బస్సులో కిటికీ పక్కన కూర్చుని పొలాలు చూస్తూ ఉంటే కండక్టరు కేక వినపడీ వినపడనట్టు ఉంటుంది చూడండి, ఇంచుమించు అలాగే."

కండక్టరు సంగతి అతనికి తెలుసు. నవ్వొచ్చింది గానీ చెప్పలేదు.

"తగ్గిపోతుందాండి?" అని సూర్యకళ అడిగింది.

"తగ్గించేస్తానని చెప్పనమ్మా. నత్తి పూర్తిగా పోగొడతామని ఎవరైనా బోర్డు పెడితే ఆ వీధిలోకి కూడా వెళ్ళకండి. ఇది కొందరికి బాగా మేలు చేసింది, కొందరికి కొంచెం, కొందరికి ఏమీ లేదు. నేనొక స్పీచ్ థెరపిస్టు దగ్గరికి పంపుతాను, అక్కడ చెప్పే ఎక్సర్‌సైజులు మానకూడదు. నేను చేసే పని ఒకటే. మాట కంటే ముందు భయం వచ్చి కూర్చుంటుంది కదా, దాని సంగతి చూస్తాను." ఆవిడ గణేష్‌బాబు వైపు తిరిగింది. "ఎక్కడైనా తడబడకుండా మాట్లాడతారా మీరు?"

అతను తల దించుకున్నాడు. సూర్యకళ ఆగలేకపోయింది. "మొక్కలతోనండి. అంట్లు కట్టేటప్పుడు."

దీనమ్మగారు నవ్వలేదు. "వచ్చేవారం ఆ సామానంతా ఇక్కడికి తెచ్చుకోండి," అంది.

వారం తర్వాత అతను ఓ ప్లాస్టిక్ ట్రేలో పది మామిడి మొక్కలు, తడి గోనెలో చుట్టిన కొమ్మలు, కత్తి, పాలిథిన్ పట్టీలు పట్టుకుని మేడెక్కాడు. దీనమ్మగారు టేబులు మీద దినపత్రికలు పరిచి ఉంచింది. ముందు, ఎలా కడతారో చూపించమంది. అతను చూపించాడు. టెంక నుంచి మొలిచిన వేరు మొక్క తల కొయ్యడం, నడిమికి చీల్చడం, మంచి జాతి కొమ్మని ఉలి మొనలా చెక్కి ఆ చీలికలో దించడం, గాలి దూరకుండా పట్టీ చుట్టడం. ఆవిడ ఒక్కొక్కటీ నోటుబుక్కులో రాసుకుంది. "చెక్కు ఎంత పొడుగుండాలి? చీలిక లోతు ఎక్కువైతే ఏమవుతుంది?" అని కొత్తగా పనిలో చేరిన మనిషిలా అడిగింది. ముప్పయ్యేళ్ళు ఆసుపత్రిలో చేసి, అంత చదువు చదివి, తన పని అంత శ్రద్ధగా నేర్చుకుంటున్న ఆవిణ్ణి చూస్తుంటే అతనికి ఆశ్చర్యంగా ఉంది.

"ఇప్పుడు మీ పని మీరు చేసుకోండి. నేను పక్కన మాట్లాడుతూ ఉంటాను. జవాబు చెప్పక్కర్లేదు."

అతను మొదలుపెట్టాడు. ఆవిడ గొంతు అతని చేతుల వెంటే నడిచింది. కత్తి దిగుతున్నప్పుడు ఊపిరి దిగుతోందంది. కొమ్మ చీలికలో కూర్చున్నప్పుడు భుజాలు కూర్చుంటున్నాయంది. పట్టీ ఒక చుట్టు తిరిగితే ఒక చుట్టు, రెండు తిరిగితే రెండు. ఆవిడ తొందరపడలేదు. అతను ఆగితే ఆవిడా ఆగింది. మూడో మొక్కకి వచ్చేసరికి చేతులు వాటంతటవే కదులుతున్నాయి. కింద ఆటోల మోత ఎక్కడో అవతలి ఒడ్డున ఉన్నట్టు ఉంది. అయిదో మొక్క తర్వాత చేతులు ఒళ్ళో పెట్టుకుని ఆరోది మనసులోనే కట్టమంది. కట్టాడు. కళ్ళు ఎప్పుడు మూసుకున్నాడో తెలియదు.

"మాట ఆగిపోయినప్పుడు అక్కడ ఏముంటుందో చూడండి," అంది ఆ గొంతు.

"లాకులండి," అన్నాడు.

"ఎలాంటి లాకులు?"

"మా కాలవ మీద ఉన్నట్టే. తలుపులు మూసేసి ఉన్నాయి. ఇటు నీళ్ళు నిండా ఉన్నాయి, అటు తక్కువ."

"తోస్తే తెరుచుకుంటాయా?"

"లేదండి. మా నాన్న చిన్నప్పుడు చూపించాడు. ఎంతమంది తోసినా రావు. పక్క తూములోంచి నీళ్ళు నెమ్మదిగా వదిలి రెండు పక్కలా మట్టం సమానమయ్యాక, ఒక్క మనిషి తోసినా చాలు."

చెప్పాక అతనికి తట్టింది, ఇంత పొడుగు మాట ఒక మనిషి ముందు ఆగకుండా చెప్పానని. కళ్ళు తెరిచాడు. దీనమ్మగారు కళ్ళజోడు తీసి చీర చెంగుతో తుడుచుకుంటోంది.

"నాకు తెలిసిన వాటిల్లో ఇంతకంటే మంచి మాట లేదు," అంది. "ఇక నుంచి నేను మీ లాకులే వాడుకుంటాను. అప్పిస్తారా?"

అన్ని వారాలూ అలా గడవలేదు. నాలుగోసారి వెళ్ళినప్పుడు వీధిలో ఎవరి పెళ్ళి ఊరేగింపో, బ్యాండు మోగిపోతోంది. అతనికి కుదురు రాలేదు. వస్తుందని బలవంతంగా కళ్ళు మూసుకుంటే ఇంకా బిగుసుకుపోయాడు. అరగంట తర్వాత దీనమ్మగారే లేచింది. "ఇవాళ నా వల్ల కాలేదండి. మీ తప్పు కాదు. టీ తాగి వెళ్ళండి," అంది. తన వల్ల కాలేదని అంత తేలిగ్గా ఒప్పుకునే డాక్టర్ని గానీ పంతుల్ని గానీ మేస్టార్ని గానీ అతను చూడలేదు. మర్నాటి నుంచి ఎక్సర్‌సైజులు రెండింతలు చేశాడు.

ఆరోసారి వెళ్ళిన రోజు అతను శివ గోత్రం సంగతి చెప్పాడు. సూర్యకళ కూడా అక్కడే ఉంది. కళ్ళు మూసుకుని కాదు, టీ గ్లాసు పట్టుకుని మామూలుగా కూర్చునే చెప్పాడు. చెప్పడానికి చాలాసేపు పట్టింది. ప్రతి 'ప' దగ్గరా ఆగాడు. సూర్యకళకి కళ్ళనీళ్ళు తిరిగాయి గానీ, ఆ గదిలో నేర్చుకున్నట్టే, ఒక్క మాట అందించలేదు.

దీనమ్మగారు తన టీ గ్లాసు ఒళ్ళో పెట్టుకుంది.

"మాకు గోత్రాలు లేవండి, వాటి సంగతి నాకు తెలియదు. కానీ నేను వార్డులో ఉన్నప్పుడు పేషెంటు చేతికి పేరు రాసిన చీటీ కట్టేవాళ్ళం. ఒకసారి నేను ఒకరి చీటీ ఇంకొకరికి కట్టాను. పది నిమిషాల్లో చూసుకుని మార్చేశాను, ఎవరికీ ఏమీ కాలేదు. అయినా ఆ వారమంతా నాకు ముద్ద దిగలేదు. కాబట్టి మీది చిన్న బాధ అని నేననను." ఆవిడ గ్లాసు కింద పెట్టింది. "ఒకటి అడుగుతాను. ఆ రోజు మిమ్మల్ని బాధపెట్టింది మాట ఆగడమా, మాట మార్చడమా?"

గణేష్‌బాబు ఆలోచించాడు. ఈ రెండూ వేరని అతనికి ఎప్పుడూ తోచలేదు.

"మా... మార్చడం."

"అయితే ఆగకుండా మాట్లాడటం గురించి మనం దిగులు పెట్టుకోవద్దు. ఆగనివ్వండి. మార్చకుండా ఉండటం నేర్చుకుందాం."

ఆ రోజు నుంచి ఆవిడ అతన్ని కళ్ళు మూయించి రేవుకి తీసుకెళ్ళేది. తడి మెట్లు, నువ్వుల వాసన, వెనక నించున్న జనం. "గోత్రం?" అని పంతులుగారి బదులు ఆవిడే అడిగేది. లాకు మూసుకునేది. అతను తోసేవాడు కాదు. పట్టీ కొస జారకుండా పట్టుకున్నట్టు బొటనవేలూ చూపుడువేలూ కలిపి పట్టుకుని, మట్టం సమానమయ్యేదాకా చూసేవాడు. కొన్నిసార్లు మాట వచ్చేది. కొన్నిసార్లు అతను ఆగి ఉండగానే టైమైపోయేది. "మార్చలేదు కదా, చాలు," అనేది ఆవిడ.

ఇంటి పని కూడా ఇచ్చింది. "ఈ వారం పకోడీలు తినండి."

కడియం సెంటర్లో బండి దగ్గర నించుని అతను, "ప... ప..." అన్నాడు. బండివాడు, "పునుగులా?" అన్నాడు. కాదని తలూపాడు. "పెసరట్టు వేడిగా ఉంది." కాదన్నాడు. బండివాడు గరిటె ఎత్తి పట్టుకుని చూస్తూ ఉండిపోయాడు. "పకోడి," అన్నాడు చివరికి. పొట్లం పట్టుకొచ్చి నర్సరీలో బల్ల ముందు కూర్చుని సూర్యకళతో కలిసి తిన్నాడు.

"ఎలా ఉన్నాయి?" అందామె.

"ఇన్నేళ్ళు ఎదురుచూసినంత గొప్పగా లే... లేవు. ఉప్పెక్కువ."

మాఘమాసం వచ్చింది. సంవత్సరీకం నాడు పొద్దున్నే పాపాయి వంటకి ఉండిపోయింది. బుల్లిరాజు, గణేష్‌బాబు, సూర్యకళ రాజమండ్రి వెళ్ళారు. ఆటోలో సూర్యకళ చెప్పింది.

"మావయ్యగారూ, ఇవాళ గోత్రం మీరు చెప్పకూడదండి."

"నాకేం పనమ్మా, నేను నోరే ఎత్తను," అన్నాడు బుల్లిరాజు. కాసేపాగి, "మరీ ఆలస్యమైతేనో?" అన్నాడు.

"అయినా సరే."

రేవులో జనం బాగానే ఉన్నారు. గణేష్‌బాబు మునిగి లేచి, తడిపంచెతో కింది మెట్టు మీద కూర్చున్నాడు. ఈసారి వేరే పంతులుగారు, పెద్దాయన, చకచకా పని కానిచ్చే మనిషి. దర్భ ఉంగరం వేలికి తొడిగించి, నువ్వులు చేతిలో పోసి, తలెత్తకుండానే అడిగారు.

"గోత్రం?"

లాకు మూసుకుంది. ఆ గదిలో ఊహించుకున్న దానికంటే గట్టిగా మూసుకుంది. మెడ నరాలు పొంగాయి. పంతులుగారు తలెత్తారు. వెనక ఎవరో గొంతు సవరించుకున్నారు. పక్కన బుల్లిరాజు ఛాతీ గాలితో నిండటం గణేష్‌బాబుకి తెలుస్తూనే ఉంది. మరుక్షణం బుల్లిరాజు కండువా కొస తీసి నోట్లో కుక్కుకున్నాడు.

"తెలియదా నాయనా? ఫర్వాలేదు," అన్నారు పంతులుగారు దయగానే. "తెలియనివాళ్ళకి శివ గోత్రం చెప్పుకోవచ్చు. అను, శివ గోత్ర..."

పోయినేడు తనంత తాను వెతుక్కున్న దారిని ఈసారి ఎదుటి మనిషే చూపిస్తున్నాడు. తలూపితే చాలు.

గణేష్‌బాబు తడి చెయ్యి ఎత్తాడు.

"తెలుసండి. ఆ... ఆ... ఆగండి."

పంతులుగారు ఆగారు. గణేష్‌బాబు బొటనవేలూ చూపుడువేలూ కలిపాడు. మధ్యలో నువ్వులు గరగరమన్నాయి. తొయ్యలేదు. తండ్రి లాకుల గట్టు మీద చెయ్యి పట్టుకుని నించోబెట్టి, చూస్తూ ఉండరా, వాటంతటవే వస్తాయన్న రోజు గుర్తొచ్చింది. ఎదురుగా గోదావరి తన పని తాను చేసుకుపోతోంది.

"పై... పై... పైడిపాల గోత్రమండి."

"పైడిపాల," అన్నారు పంతులుగారు. "తండ్రి పేరు?"

"వెంకటరాజు." అది అడ్డం లేకుండా వచ్చింది.

పంతులుగారు మొదలుపెట్టబోతుంటే గణేష్‌బాబు మళ్ళీ చెయ్యెత్తాడు. పోయినేడు పదకొండో రోజున మాట రాక శివ గోత్రమని చెప్పానని, తెలిసే తప్పు చెప్పానని, ఆగి ఆగి చెప్పాడు. బుల్లిరాజు నోట్లోంచి కండువా జారిపోయింది.

పంతులుగారు చేతిలో చెంబు కింద పెట్టారు. ఇందాకటి తొందర ఆయన మొహంలో లేదు.

"ఏడాది మోశావా దీన్ని? సరే. మూడు దోసిళ్ళు వదలాలి. ప్రతిసారీ గోత్రం, పేరు నువ్వే చెప్పు. నేను అందించను."

మొదటి దోసిలికి మాట నలిగి నలిగి వచ్చింది. రెండోది ఎందుకో నీళ్ళతో పాటే జారిపోయింది, అతనికే నమ్మకం కలగలేదు. ఇంక అయిపోయిందిలే అనుకున్నాడు. మూడోసారి అసలు రాలేదు. మొదటిదానికంటే పెద్ద ఆపు. దోసిట్లో నీళ్ళు వేళ్ళ సందుల్లోంచి కారిపోయి నువ్వులు మాత్రం అంటుకుని మిగిలాయి. వెనక ఒకాయన, "ఎంతసేపండీ," అని గొణిగాడు. పంతులుగారు ఆయన వైపు చూడను కూడా చూడలేదు. మాట్లాడకుండా చెంబెత్తి, ఖాళీ అయిన దోసిట్లో మళ్ళీ నీళ్ళు పోశారు.

ఆ నీళ్ళు కూడా సగం కారాక, "పైడిపాల గోత్రం, వెంకటరాజు," అన్నాడు గణేష్‌బాబు. నువ్వులూ నీళ్ళూ బొటనవేలి పక్క నుంచి గోదాట్లోకి వెళ్ళిపోయాయి.

మెట్లెక్కి బట్టలు మార్చుకున్నాక సూర్యకళ ఫోను తీసింది, దీనమ్మగారికి చెబుదామని. గణేష్‌బాబు చెయ్యి చాపాడు.

"నే... నేను చేస్తాను."

అతను ఫోను చెయ్యడం సూర్యకళ ఎరగదు. చేస్తే అవతలివాళ్ళు రెండు హలోలు అని పెట్టేస్తారని అతని భయం. అవతల ఫోను ఎత్తిన చప్పుడైంది. గణేష్‌బాబు పేరు గొంతులో ఆగింది. దీనమ్మగారు హలో అని మళ్ళీ అనలేదు. ఆవిడ ఊపిరి వినబడుతోంది, వెనక ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వినబడుతోంది. ఫోను చేసిందెవరో ఆవిడకి తెలిసిపోయిందని అతనికి తెలుసు. అయినా పేరు ఆవిడ చెప్పలేదు.

"గ... గణేష్‌బాబునండి. చెప్పానండి. మూడుసార్లు."

"మూడోసారి ఎలా వచ్చింది?"

అతనికి నవ్వొచ్చింది. ఎలా కనిపెట్టారో. "అన్నిటికంటే క... కష్టంగానండి. కానీ మా... మార్చలేదు."

"మంచిదండి," అంది దీనమ్మగారు. "నాన్నగారికి నా నమస్కారం కూడా చెప్పి ఉంటే బావుండేది. వచ్చేవారం ట్రేలో ఒక మొక్క నాకు కూడా తెండి. కుండీలో వేసుకుంటాను."

తిరుగుదారిలో బుల్లిరాజు ధవళేశ్వరం దాటేదాకా నోరు విప్పలేదు. ఆయన అంతసేపు ఊరుకోవడం ఇంట్లో ఎవరూ ఎరగరు. చివరికి, "ఏరా, నేను ఆ బియ్యప్పిండికి వెళ్ళకుండా ఉండాల్సింది కదరా," అన్నాడు.

"లేదు బాబాయ్," అన్నాడు గణేష్‌బాబు. "నువ్వుంటే, నేను చెప్పగలనని నాకు ఇప్పటికీ తె... తెలిసేది కాదు."

ఇంటికెళ్ళేసరికి పాపాయి వంటింట్లో పులుసు కలుపుతోంది. కాళ్ళు కడుక్కోమని చెప్పి, గుమ్మంలోకి వచ్చిన మరిదిని అడిగింది.

"గోత్రం సరిగా చెప్పావా?"

"నేనెక్కడ చెప్పాను వదినా," అన్నాడు బుల్లిరాజు. "నీ కొడుకే చెప్పాడు. నేను కండువా నములుతూ కూర్చున్నాను."

పాపాయి కొడుకు మొహంలోకి చూసింది. తర్వాత కోడలి మొహంలోకి చూసింది. సూర్యకళ అవునని తలూపింది.

"ఏదీ, నాకోసారి చెప్పు," అంది పాపాయి.

గణేష్‌బాబు తల్లి ఎదుట నించున్నాడు. పెదాలు మూసుకున్నాయి. పాపాయి పెదాలు అలవాటుగా కదలబోయి, ఆగిపోయాయి. మాట వచ్చేలోగా చప్పుడెందుకని, ఆమె వెనక్కి చెయ్యి చాపి స్టవ్వు కట్టేసింది.